తోడల్లుడు కొన్న యూటీవీ, నేను కొనాల్సిన ట్రైలర్

టెక్సాస్‌లోని డాలస్ ఉత్తర శివారు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడవైనది కనుక సారాంశం ఇస్తున్నాను.

ఆయన, ఆయన తోడల్లుడు కలిసి రెండేళ్ల క్రితం ఫానిన్ కౌంటీలో, బోనమ్ పట్టణానికి దగ్గర్లో పన్నెండు ఎకరాలు కొన్నారు. ఇంటి నుంచి గంటకు పైగా ప్రయాణం. కొంత పచ్చిక, కొంత సెడార్ చెట్లు, ఒక నీటిగుంట, సగం పడిపోయిన కంచె. తోడల్లుడు, అంటే భార్య అక్కగారి భర్త, వయసులో ఏడేళ్లు పెద్ద. మొన్న వేసవిలో ఆయన ఎవరినీ సంప్రదించకుండా ఆరుగురు కూర్చునే కొత్త యూటీవీ కొన్నారు. ఎరగనివారి కోసం చెబుతున్నాను: లావు టైర్లు, పైకప్పు, రెండు వరుసల సీట్లు, వెనక చిన్న తొట్టి ఉండే పొలం బండి అది. "బండి నాది, ట్రైలర్ నీది" అని పంపకం కూడా ఆయనే చేసేశారు.

యూటీవీ ప్రస్తుతం తోడల్లుడి గరాజ్‌లో ఉంది. నెలకోసారి పొలానికి తీసుకెళ్లాలని, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రెండు కుటుంబాలూ కలిసి ఓక్లహోమాలో వైనోకా దగ్గరున్న లిటిల్ సహారా ఇసుక దిబ్బలకు వెళ్లాలని ఆయన ఆలోచన. ఆయనకున్నది హిచ్, అంటే వెనక ట్రైలర్ తగిలించే ఇనుప అమరిక, లేని టెస్లా మోడల్ వై. కనుక లాగాల్సింది మన పాఠకుడి టయోటా హైలాండర్ హైబ్రిడ్. దానికి బయట ఒక షాపులో హిచ్ పెట్టించారు. తోడల్లుడే ఒక పాత ట్రైలర్ కూడా వెతికి పెట్టారు: 77 అంగుళాల వెడల్పు, 12 అడుగుల పొడవు, ఒకే యాక్సిల్ (ఇరుసు), బ్రేకులు లేవు, ధర 1,100 డాలర్లు. మన పాఠకుడు 200 డాలర్లు అడ్వాన్సు ఇచ్చి వచ్చారు.

ఆ రాత్రి నుంచి ఇంట్లో గొడవ. "బావగారికి ఎదురు చెప్పలేక నా మీద విసుక్కుంటున్నారు" అని భార్య. తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఉన్న మామగారు ట్రైలర్ ఫొటోలు చూసి, "బాగుంది బాబూ, మరి ఆపినప్పుడు ఆగుతుందా?" అని ఒకే ఒక్క మాట అడిగి ఊరుకున్నారట. తోడల్లుడు మాత్రం, "ఈ దేశంలో ప్రతివాడూ లాగుతున్నాడు, నీకే ఎందుకింత భయం?" అంటున్నారు. ఇంటి సంఘం, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, వాళ్లు ట్రైలర్‌ను ఇంటి ముందు పెట్టనివ్వరన్నది మరో తలనొప్పి. యూటీవీ, కారు, ట్రైలర్ కొలతలన్నీ రాసి, చివర ఇలా అడిగారు: "ఏ ట్రైలర్ కొనమంటారో ఒక్క మాటలో చెప్పండి. అది కొని ఈ రభస ముగిస్తాను."

సమాధానం:

ఒక్క మాటలో చెప్పలేను. ఒకవేళ చెప్పినా, ఆ పేరు పట్టుకెళ్లి మీ తోడల్లుడి ముందు పెడితే రభస ముగియదు. మీ ఉత్తరంలో కావలసిన అంకెలన్నీ ఉన్నాయి. వాటిని కూడటం ఒక్కటే మీరు చేయలేదు. కూడితే ఏమి వస్తుందో మీకు లోపల తెలుసనీ, అది ఆయనకు చెప్పాల్సి వస్తుందని ఆగిపోయారనీ నా అనుమానం. సరే, ఆ కూడిక నేను చేస్తాను.

మొదట యూటీవీ. కరపత్రంలో 1,800 పౌండ్లని ఉందన్నారు. పక్కన చిన్న అక్షరాల్లో "డ్రై వెయిట్" అని ఉంటుంది, చూడండి. అంటే పెట్రోలు, ఇంజిన్ ఆయిలు, కూలెంట్ లేకుండా తూచిన బరువు. మీ బండి ట్యాంకు 11 గాలన్లది. గాలన్ పెట్రోలు దాదాపు 6 పౌండ్లు ఉంటుంది కనుక అక్కడే 66 పౌండ్లు వచ్చాయి. మిగతా ద్రవాలు, మీ తోడల్లుడు విడిగా పెట్టించిన పైకప్పు, ముందు అద్దం, వించ్ (తాడు చుట్టి బరువులు లాగే యంత్రం) అన్నీ కలిపితే మరో 200 పైమాటే. లెక్కకు 2,100 పౌండ్లు అనుకుందాం. తొట్టిలో రంపం, కంచె తీగ చుట్టలు, నీళ్ల డబ్బాలు వేయకముందు మాట ఇది.

ఇప్పుడు మీరు అడ్వాన్సు ఇచ్చిన ట్రైలర్. దాని ముందు భాగంలో ఉన్న రేకు పలక మీద జీవీడబ్ల్యూఆర్ 2,990 పౌండ్లని ఉందని మీరే రాశారు. అది మోయగలిగే సరుకు బరువనే చాలామంది పొరపడతారు. ట్రైలర్ సొంత బరువు, సరుకు బరువు రెండూ కలిపి మించకూడని అంకె అది. ఖాళీ ట్రైలర్ 1,250 పౌండ్లు. అంటే దాని మీద ఎక్కించగలిగింది 1,740. మీ బండి 2,100. లెక్క అక్కడే తప్పింది. ఇంకో చిక్కు, తూకం లేకుండానే కనిపించేది: ట్రైలర్ పొడవు 12 అడుగులంటే 144 అంగుళాలు, యూటీవీ పొడవు 152. వెనక ర్యాంప్ గేటు మూతపడదు. ట్రైలర్‌ను అంత శ్రద్ధగా వెతికిన మీ తోడల్లుడు టేపు మాత్రం పట్టలేదన్నమాట.

"యాక్సిల్ 3,500 పౌండ్లది కదా, పలక మీద ఊరికే తక్కువ రాస్తారు" అని ఆయన అన్నారని రాశారు. ఆ మాటలో సగం నిజముంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్ల దగ్గర బ్రేకులు తప్పనిసరి చేశాయి. ఆ గీత దాటకుండా, బ్రేకుల ఖర్చు లేకుండా అమ్ముకోవడానికి తయారీదారులు 3,500 పౌండ్ల యాక్సిల్ వేసి కూడా పలక మీద 2,990 అని కొట్టిస్తారు. టెక్సాస్‌లో ఆ గీత 4,500 పౌండ్ల దగ్గరుంది. కనుక బ్రేకులు లేకపోవడం మీ రాష్ట్రంలో చట్టరీత్యా నేరం కాదు. కానీ పలక మీది అంకెను మనం దిద్దలేం. ప్రమాదం జరిగితే పోలీసు అధికారి, బీమా కంపెనీ, అవతలివారి వకీలు చదివేది ఆ పలకనే. యాక్సిల్ సంగతి తర్వాత. పైగా బరువు మోసేది యాక్సిల్ ఒక్కటే కాదు. టైర్లు, ఫ్రేము, హిచ్‌కు తగిలించే ముందు కప్లర్, వీటిలో అన్నిటికన్నా బలహీనమైనది ఎంత మోస్తుందో మొత్తం ట్రైలర్ అంతే మోస్తుంది.

ఇక మీ కారు. హైలాండర్ హైబ్రిడ్ లాగగలిగేది 3,500 పౌండ్లు. పెట్రోలు హైలాండర్ 5,000 లాగుతుంది. మీ తోడల్లుడు ఎక్కడో విన్న 5,000 అదే. "పెద్ద హిచ్ పెట్టిస్తే 5,000 లాగుతుంది" అన్న సలహా మాత్రం మరచిపోండి. హిచ్ మీద రాసిన బరువు ఆ ఇనుప ముక్కది. కారు ఇంజిను, గేర్‌బాక్సు, బ్రేకులు, సస్పెన్షన్ పాతవే ఉంటాయి. రెండు అంకెల్లో ఏది తక్కువైతే అదే మీ పరిమితి.

కారులో అందరూ మరచిపోయే అంకె ఇంకొకటుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. మీ కారులో అది 1,200 పౌండ్లన్నారు. ట్రైలర్ ముందు కొన హిచ్ మీద మోపే బరువు కూడా ఇందులోకే వస్తుంది. ఆ బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మీ ప్రణాళిక ప్రకారం నలుగురు పెద్దలు, ముగ్గురు పిల్లలు ఒకే కారులో. పెద్దలకు సగటున 165 చొప్పున వేసినా 660, పిల్లలకు 250, హిచ్ మీద 350. అప్పుడే 1,260 అయింది. ఇంకా సూట్‌కేసులు, పులిహోర డబ్బా, మామగారు ఎక్కలేదు. కనుక ట్రైలర్ ఏదైనా సరే, లాగే రోజున మీ కారులో ఇద్దరు ముగ్గురికి మించి కూర్చోకూడదు. మిగిలినవారు టెస్లాలో రావాలి. ఇది బేరానికి లొంగే విషయం కాదు.

హిచ్ మీద బరువు ఎందుకుండాలని మీ అబ్బాయి అడిగితే తాతగారి దగ్గరకు పంపండి. రెండెడ్ల బండిలో వరి బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది, ముందు మరీ ఎక్కువైతే మెడలు దిగబడతాయి. ట్రైలర్ సంగతీ అంతే. వెనక బరువు ఎక్కువైన ట్రైలర్ గంటకు 60 మైళ్ల వేగంలో అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. తోక కారును ఆడించే స్థితి వచ్చాక మన చేతిలో ఉండేది చాలా తక్కువ: స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, కారు బ్రేకు తొక్కకుండా వేగం దానంతట అదే తగ్గనివ్వాలి. ట్రైలర్‌కు విడిగా బ్రేకులుండి, కారులో వాటిని నడిపే కంట్రోలర్ ఉంటే, కంట్రోలర్ మీట నొక్కి ట్రైలర్‌ను మాత్రమే ఆపవచ్చు. మామగారి ప్రశ్నకు సమాధానం ఇందులో ఉంది. చట్టం అడగకపోయినా చాలా కార్ల మాన్యువళ్లు చాలా తక్కువ బరువుకే ట్రైలర్‌కు సొంత బ్రేకులుండాలంటాయి. మీ గ్లవ్ బాక్సులో ఉన్న పుస్తకంలో ఆ పేజీ తీసి చదవండి.

ఇంతవరకు మీరు ఏమి చేయలేరో చెప్పాను. చేయగలిగినవి చూద్దాం. నాకు కనిపించే దారులు నాలుగు. ఏ దారిలో వెళ్లినా కొంత వదులుకోవాలి.

మొదటిది, మీరు అడిగిన దారే: మీ కారుకు సరిపోయే ట్రైలర్. అల్యూమినియంది, 14 అడుగులది, ఒకే యాక్సిల్‌ది, ఖాళీగా 800 పౌండ్ల దగ్గర ఉండేది చూడండి. 2,990 పలకతో ఉన్నదైనా 2,190 పౌండ్ల సరుకు పడుతుంది. మీ యూటీవీ ఎక్కగా 90 మిగులుతుంది. మొత్తం 2,900, కారు పరిమితికి లోపలే. హిచ్ మీద 12 శాతం మోపితే 348. మీ కారు హిచ్ పరిమితి 350. ఎంత అంచున నిలబడ్డారో చూశారా? అన్నీ సరిపోయాయి, దేనికీ చోటు మిగల్లేదు. తొట్టి ఖాళీగా ఉండాలి. పనిముట్లు టెస్లాలో వెళ్లాలి. 168 అంగుళాల పొడవులో బండి 152 తీసుకోగా మిగిలే 16 అంగుళాలే మీరు బండిని ముందుకూ వెనక్కూ జరిపి బరువు సర్దుకోవడానికి ఉన్న స్థలం. వీలైతే ఎలక్ట్రిక్ బ్రేకులున్న యాక్సిల్‌తో, 3,500 పలకతో ఉన్నది అడగండి. అప్పుడు కారుకు ఏడు పిన్నుల కనెక్టర్, బ్రేక్ కంట్రోలర్ అమర్చుకోవాలి. మీ హిచ్ షాపు వాళ్లు పెట్టింది నాలుగు పిన్నులదైతే అది లైట్లకు మాత్రమే పనికొస్తుంది. అల్యూమినియం ధర ఉక్కు ట్రైలర్ కన్నా బాగా ఎక్కువ. కానీ తుప్పు పట్టదు, తిరిగి అమ్మితే మంచి ధరే వస్తుంది. నెలకోసారి బోనమ్ దాకా, తీరిగ్గా, 121వ నంబరు రోడ్డు మీద వెళ్లి రావడానికి ఇది చాలు. ఓక్లహోమా వైపు గాలి వీచే రోజున 300 మైళ్లు లాగడానికి నేనైతే దీన్ని ఎంచుకోను.

ఇక్కడ చిన్న పక్కదారి. ఎవరైనా స్నేహితుడు "మూసిన డబ్బా ట్రైలర్ కొనండి, ఎండా వానా తగలవు, దొంగలకు కనిపించదు" అంటారు. మీ బండి ఎత్తు 77 అంగుళాలు. మామూలు డబ్బా ట్రైలర్ల వెనక తలుపు ఎత్తు చాలావాటికి 72 అంగుళాల దగ్గరే ఉంటుంది. బండి తల తగులుతుంది. ఎత్తైనది కొంటే బరువు పెరుగుతుంది, ఆ గోడంత ముఖం గాలిని ఎదుర్కొంటూ వెళ్లాలి. మీ కారుకు అది పని కాదు.

రెండో దారి, లాగే బండిని మార్చడం. రెండు యాక్సిళ్ల, 16 అడుగుల, 7,000 పౌండ్ల పలక ఉన్న ఉక్కు ట్రైలర్ హాయిగా ఉంటుంది. నాలుగు టైర్లలో ఒకటి పగిలినా అదుపు తప్పే ప్రమాదం తక్కువ, ఊగడం తక్కువ, తొట్టి నింపుకోవచ్చు, రేపు చిన్న ట్రాక్టరు కొన్నా పనికొస్తుంది. కానీ ఖాళీదే 2,000 పౌండ్లు. యూటీవీతో 4,100. మీ హైలాండర్ లాగకూడదు. దీనికి పికప్ ట్రక్కు కావాలి. మీరు కొనాలి, లేదా "బండి నాది" అన్న పెద్దమనిషి టెస్లా ఇచ్చేసి కొనాలి. పొలం మీద నిజంగా అంత ఆశ ఉంటే, వారం వారం వెళ్లి పని చేసేది నిజమైతే, పాత పికప్ దండగ ఖర్చేమీ కాదు. గడ్డి మోపులూ కంచె స్తంభాలూ ఎటూ మోయాలి. నెలకోసారి వెళ్లి సెల్ఫీలు దిగి వచ్చే పొలమైతే, దాని కోసం మూడో వాహనానికి బీమా కట్టడం నాకు అర్థవంతంగా తోచదు. ఈ రెంటిలో మీది ఏదో మీకే తెలుసు. రెండేళ్లలో ఎన్నిసార్లు వెళ్లారో ఉత్తరంలో రాయలేదు మీరు.

మూడోది అద్దె. అద్దెకు దొరికే చిన్న ట్రైలర్లు ఎక్కువగా 12 అడుగుల దగ్గర ఆగిపోతాయి. మీ పొడవాటి బండి పట్టదు. కార్లు మోసే పెద్ద అద్దె ట్రైలర్ ఖాళీదే 2,200 పౌండ్ల దాకా ఉంటుంది. మళ్లీ పికప్ కావాలి. పికప్ కూడా అద్దెకు తీసుకుందామంటే, మామూలు కారు అద్దె కంపెనీల ఒప్పందాల్లో చాలావరకు దేన్నీ లాగకూడదన్న షరతు ఉంటుంది. హిచ్‌తో సహా, లాగడానికే ఇచ్చే చోట తీసుకోవాలి. ఏడాదికి రెండు మూడు సార్లయితే ఈ దారి అన్నిటికన్నా చౌక, పైగా ట్రైలర్ ఎక్కడ పెట్టాలన్న బెంగ ఉండదు. నెలనెలా అయితే పనికి ముందు పని ఎక్కువై, మూడో నెలకే మానేస్తారు.

నాలుగోది మీ ఉత్తరంలో ఎవరూ అనని మాట. యూటీవీ పొలంలో పని కోసం పుట్టిన బండి. దాన్ని నగర శివారు గరాజ్‌లో పెట్టి, ప్రతిసారీ అరవై మైళ్లు మోసుకెళ్లి, మోసుకు రావడం ఎందుకు? పొలంలోనే ఒక 20 అడుగుల ఉక్కు కంటైనర్ దించుకుని అందులో పెట్టండి. లోపలి పొడవు 19 అడుగుల పైన, వెడల్పు 92 అంగుళాలు. మీ బండి పట్టాక అటూ ఇటూ 14 అంగుళాలు మిగులుతుంది. ఒళ్లు ముడుచుకుని దిగాలి, అంతే. తలుపు ఎత్తుకూ ఇబ్బంది లేదు. సర్వీసు అవసరమైనప్పుడు చాలామంది డీలర్లు రుసుము తీసుకుని వాళ్లే వచ్చి బండిని తీసుకెళ్లి తెచ్చి ఇస్తారు. అలాగైతే మీకు ట్రైలరే అక్కర్లేదు. ఇందులో ఉన్న భయం దొంగతనం. ఎవరూ కాపురముండని పొలాల్లో ఇలాంటి బండ్లు పోవడం కొత్త కాదు. మంచి తాళం, బండిలో దాచిన జీపీఎస్ పరికరం, రోడ్డు మీంచి కనిపించని చోటు, పక్క పొలం ఆయనతో మాటామంతీ, ఇవి కావాలి. యూటీవీకి విడిగా బీమా ఎలాగూ తీసుకోవాలి, ఏ దారిలో వెళ్లినా సరే. ట్రైలర్ తగిలించి ఉండగా ఇతరులకు జరిగే నష్టానికి సాధారణంగా మీ కారు బీమా వర్తిస్తుంది. ట్రైలర్‌కూ దాని మీది బండికీ జరిగే నష్టానికి వర్తించదు. ఏజెంటుకు ఫోను చేసి రాతపూర్వకంగా తెప్పించుకోండి. పొలంలో అలాంటి మరుగైన చోటు లేకపోతే బోనమ్‌లోనో మధ్య ఊళ్లోనో నెల అద్దెకు స్థలమిచ్చే గోదాములు కూడా ఉంటాయి.

మరి ఇసుక దిబ్బలు? లిటిల్ సహారా దగ్గర అలాంటి బండ్లను అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు. నలుగురైదుగురు వేరే బండిలో దిబ్బలెక్కి దిగితే, ఈ పొలం బండి ఇసుకలో ఎంత బరువుగా కదులుతుందో మీ తోడల్లుడికి పోలిక తెలుస్తుంది. అక్కడికి దీన్ని లాక్కెళ్లకపోవడం వల్ల మీరు నష్టపోయేదేమీ లేదని నా ఉద్దేశం.

ఇంటి సంఘం విషయం త్వరగా చెప్పేస్తాను. 14 అడుగుల ట్రైలర్ ముందు కొనతో కలిపి 18 అడుగులు వస్తుంది. చక్రాలతో వెడల్పు ఎనిమిది అడుగులు దాటుతుంది. రెండు కార్ల గరాజ్‌లో పడుతుంది, కాని ఒక కారు, దాదాపు రెండో కారు కూడా బయట ఉండాలి. మీ భార్యను అడగకుండా ఆ నిర్ణయం తీసుకోవద్దు.

ఒకవేళ మొదటి దారిలోనే వెళ్లి పాతది కొనాలనుకుంటే చూడాల్సినవి: టైరు పక్కన డీఓటీ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3519 అంటే 2019లో 35వ వారం. ట్రైలర్ టైర్లు అరుగుదల కన్నా వయసుతోనే ముందు పాడవుతాయి, టెక్సాస్ ఎండలో మరీను. ఐదారేళ్లు దాటితే గాట్లు లోతుగా ఉన్నా మార్చాల్సిందే. చాలా ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్లకే తయారైనవి. 75వ నంబరు హైవే మీద వెనకవాళ్లు హారన్ కొడుతున్నా కుడి వరుసలోనే వెళ్లండి. ముందు కొన దగ్గర వెల్డింగులో పగుళ్లు, చెక్క నేల మెత్తబడటం, చక్రాన్ని ఎత్తి తిప్పితే గరగర శబ్దం ఇవన్నీ చూడాలి. వీఐఎన్ (వాహన గుర్తింపు సంఖ్య) పలక గీకేసి ఉంటే ఆ ట్రైలర్ ఎంత చౌకైనా వెనక్కి తిరిగి వచ్చేయండి. ర్యాంప్ గేటు మీ బండి బరువుకు చేసినదా, గడ్డి కోసే యంత్రాలకు చేసినదా అని అడగండి. పలచటి జల్లెడ గేటు మధ్యలో వంగిపోతుంది.

కట్టడం గురించి పుస్తకాలున్నాయి, ఇక్కడ నాలుగు ముక్కలు చాలు. నాలుగు మూలలా నాలుగు రాచెట్ పట్టీలు. పట్టీ మీద రాసిన తెగే బరువును కాదు, దాంట్లో మూడో వంతుగా ఉండే పని బరువును లెక్కలోకి తీసుకోండి. ట్రైలర్‌ను కారుకు కలిపే భద్రతా గొలుసులు రెంటినీ ముందు కొన కింద అడ్డంగా దాటించి తగిలించండి. ముందు అద్దం మడిచే రకమైతే తీసి లోపల పెట్టండి. గాలికి లేచి వెనక కారు మీద పడేది అదే. పది పదిహేను మైళ్లు వెళ్లాక ఆగి పట్టీలు మళ్లీ బిగించండి.

ఇప్పుడు అసలు కష్టం. మీ తోడల్లుడు చెడ్డవాడని మీ ఉత్తరంలో ఎక్కడా అనిపించలేదు. ఉత్సాహం ఎక్కువ, కొలత తక్కువ. పెద్దవాడు కనుక మీరు కాదంటే ఎదురు మాట్లాడినట్టు అవుతుంది. అక్కాచెల్లెళ్ల మధ్య మాట వస్తుందన్న బెరుకు కూడా మీకుంది. భయపడుతున్నావని ఆయన అన్న మాట మీకు గుచ్చుకుంది. అందుకే అడ్వాన్సు ఇచ్చారు. ధైర్యం గురించి ఆయనతో వాదన పెట్టుకోవద్దు. తూకం దగ్గరకు తీసుకెళ్లండి. హైవేల పక్క పెద్ద ట్రక్కులు ఆగే చోట కాటా ఉంటుంది, కొద్ది డాలర్లకు ఏ వాహనాన్నైనా తూచి చీటీ ఇస్తారు. పికప్ ఉన్న స్నేహితుడెవరైనా ఒక్కసారి సాయం చేస్తే యూటీవీని ట్రైలర్‌తో సహా తూచి, ఖాళీ ట్రైలర్ బరువు తీసేయండి. "అన్నయ్యా, మీ బండి అసలు బరువెంతో చూద్దాం రండి" అంటే కాదనరు. కొత్త బండి కొన్న మనిషికి దాన్ని గురించి ఏ అంకె తెలిసినా సంతోషమే. మామగారిని కూడా తీసుకెళ్లండి. చీటీ మీద 2,100 అని వచ్చాక, పలక మీద 2,990, కారు మీద 3,500 అన్నవి పక్కన రాయండి. మిగతాది ఆయనే కూడుకుంటారు. చిన్నవాడు కాదన్నాడన్న బాధ ఉండదు.

"బండి నాది, ట్రైలర్ నీది" అన్న పంపకాన్ని కూడా అప్పుడే విప్పండి. ట్రైలర్ ఖరీదు బండి బరువును బట్టి వస్తుంది. ఆ బండిని ఆయన ఒక్కరే ఎంచుకున్నారు. కనుక బండి మీద, ట్రైలర్ లేదా కంటైనర్ మీద, బీమాల మీద అయ్యే ఖర్చంతా ఒక కాగితం మీద వేసి, పొలంలో వాటా ఎంతో అంతే నిష్పత్తిలో పంచుకుందామనండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే నాలుగో దారిలో మీ వాటా కంటైనర్ అని చెప్పవచ్చు. అల్యూమినియం ట్రైలర్ కన్నా పాత కంటైనర్ చాలాసార్లు చౌకగా వస్తుంది, అందులో మీ పనిముట్లు కూడా పడతాయి. మీరు ఒప్పుకుని మొదటి దారిలో వెళితే, లాగే బాధ్యత మీది కనుక ఎప్పుడు లాగాలో, ఎప్పుడు మానుకోవాలో నిర్ణయించే హక్కు కూడా మీదేనని ముందే మాట తీసుకోండి. గాలి ఎక్కువగా ఉన్న రోజున, వాన రోజున, రాత్రి పది దాటాక "బయల్దేరుదాం పద" అంటే కుదరదని ఇప్పుడే చెప్పడం తేలిక.

అడ్వాన్సు సంగతి: అమ్మే ఆయనకు ఈ రోజే ఫోను చేయండి. బండి పొడవు 152 అంగుళాలు, ట్రైలర్ 144, పట్టదు అని ఉన్నదున్నట్టు చెప్పండి. అదే ట్రైలర్‌కు వేరే బేరగాళ్లు ఉండే కాలం ఇది, చాలామంది తిరిగి ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే 200 డాలర్లు పోయినట్టే అనుకోండి. దాన్ని రాబట్టుకోవాలన్న పంతంతో మిగతా 900 కట్టి ట్రైలర్ ఇంటికి తెచ్చుకోవద్దు.